మోటారుసైకిలు పొగగొట్టమునకు తుప్పు – దానిని వదలించు విధము

ఇనుప పెనమును ఒక రాత్రి తడితో విడిచినయెడల తెల్లవారునప్పటికి దానిపై ఎర్రని పొర యేర్పడునని ప్రతి గృహిణియు ఎరుగును. దీనిని తుప్పు అందురు. తెలంగాణమున జంగు అనుటయు కలదు. రాగి, యిత్తడి పాత్రలకు పట్టు పచ్చని చిలుము వేరు, ఇది వేరు. పెనమునకు పట్టిన తుప్పును తోమి, కడిగి, ఆరబెట్టి, నూనె రాచి పదిలపరచుట మన తల్లులు మనకు నేర్పిన విద్యయే. ఆ విద్య వంటయింటి గడప దాటి, వాకిట నిలిచియున్న మోటారుసైకిలు వరకు పోవలయునని చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బండి సంగతి పురుషులది గదా, మనకేల అని కొందరు సోదరీమణులు అడుగవచ్చును. పటాన్‌చెరు మొదలుకొని ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారము మీదుగా సంగారెడ్డి వరకు ముంబాయి రహదారి పొడవునను, దాని కిరుప్రక్కల పాశమైలారము, బొల్లారము మొదలగు చోట్లను కర్మాగారములు వెలసియున్నవి. తెల్లవారుజామున షిఫ్టునకు పోవువారును, అర్ధరాత్రి షిఫ్టు ముగించి వచ్చువారును ఈ బండినే నమ్ముకొనియున్నారు. బిడ్డను బడికి, అత్తగారిని ఆసుపత్రికి తీసికొనిపోవునదియు అదియే. పాలకును బియ్యమునకును తీసియుంచిన పైకములోనుండియే దాని మరమ్మతు ఖర్చును తీయవలసియుండును. ఇప్పుడు స్త్రీలును స్వయముగా బండి నడుపుచున్నారు. కావున ఇది ముమ్మాటికి గృహకృత్యమే.

బండిలో మొట్టమొదట తుప్పు పట్టునది పొగగొట్టము. దీనిని అందరును సైలెన్సరు అనియే పిలుచుచున్నారు. ఇంజను ముందునుండి వంగి క్రిందికి దిగు సన్నని గొట్టము ఒకటి, దానికి వెనుక తగిలించిన లావుపాటి డొల్ల మరియొకటి. ఈ రెండును కలిసి పొగను వెనుకకు పంపుచు, చప్పుడును అణచుచుండును. వానలో తడియు భాగములు బండికి ఇంకను ఎన్నియో యున్నవి. అయినను ఈ గొట్టమే ముందుగా ఏల చెడును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినగాని చికిత్స తెలియదు.

అమరకోశమున మండూరమను పదము కలదు. దానిని ఇనుము యొక్క మలముగా ఆ నిఘంటువు చెప్పినది. వైద్యులు మండూరమును శుద్ధిచేసి, భస్మమొనర్చి, పాండురోగమునకు ఔషధముగా వాడుటయు మనము వినియున్నాము. తుప్పును చూచినవారికి అదియు ఇట్టి మలమే, పైనుండి అంటుకొన్న మురికియే అని తోచును. రసాయన శాస్త్రము మాత్రము అది మురికి కాదనియు, ఇనుమే నీటితోను గాలిలోని ఆమ్లజనితోను కలిసి ఆ రూపమును పొందినదనియు చెప్పుచున్నది. మన చెలకల ఎర్రమన్నునకు ఆ రంగు వచ్చినదియు ఇనుము ఆమ్లజనితో కలిసిన పదార్థమువలననే. మనుష్యుడు ఖనిజమును కొలిమిలో కాల్చి ఇనుము తీయును. ఆ యినుము అవకాశము దొరకినంతనే మరల మన్నుగా మారుటకు ప్రయత్నించుచుండును. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు నాక్రమించును. అందుచేత అది పొరలు పొరలుగా పొంగి ఊడిపోవును, క్రిందనున్న క్రొత్త యినుము మరల గాలికి బయటపడును. తుప్పు ఒకసారి మొదలైనచో తనంత తాను ఆగకపోవుటకు ఇదియే కారణము.

ఇక పొగగొట్టము విషయము. దానికి నీరు వానవలననే కాదు, లోపలినుండియు వచ్చుచున్నది. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. గొట్టము బాగుగా వేడెక్కినయెడల ఆ యావిరి బయటికి పోవును. దగ్గరి అంగడికి పోయి, ఐదు నిమిషములలో తిరిగివచ్చి బండిని ఆపినచో, డొల్ల ఇంకను చల్లగానే యుండి, ఆవిరి లోపలనే నీరై నిలిచిపోవును. ఆ నీటిలో పొగయందలి ఆమ్లములు కొంచెము కలిసియుండును. దూరప్రయాణము చేయు బండి గొట్టముకన్న ఇంటిచుట్టు తిరుగు బండి గొట్టము లోపల త్వరగా పుచ్చుటకు ఇదియే హేతువు. దీనికి తోడు బయట వేడి, వాన, బురద, రహదారి ధూళి. కాలిన గొట్టముపై చన్నీరు పడి పైపూత చిట్లుట. ఇన్ని బాధలు బండియందు మరి యే భాగమునకును లేవు.

చికిత్సకు ముందు రోగ నిర్ణయము కావలెను. గొట్టముపై కనబడు ప్రతి మచ్చయు తుప్పు కాదు.

ఇంజను దగ్గరి వంపు గొట్టముపై బంగారు, ఊదా, నీలి వన్నెలు కనబడిన భయపడనక్కరలేదు. అవి వేడివలన లోహముపై ఏర్పడు మిక్కిలి పలుచని పొర రంగులు. ఉక్కును కాల్చునప్పుడు సుమారు 300 డిగ్రీల దగ్గర నీలిరంగు తేలుట కమ్మరులందరు ఎరిగిన విషయమే.

తళతళలాడు గొట్టముపై గోధుమరంగు చుక్కలు పొడచూపిన, అది తుప్పునకు ప్రారంభము. ఆ తళుకు క్రోమియము పూత. ఉక్కుపై నికెలు పూసి, దానిపై మిల్లీమీటరులో వేయవవంతుకన్నను పలుచగా క్రోమియము వేయుదురు. ఆ పూతలోని సన్నని రంధ్రముల ద్వారా తేమ లోపలికి పోయి ఉక్కును తాకును. ఈ దశలో చూచుకొన్నచో గొట్టము దక్కును.

నల్లరంగు వేసిన గొట్టముపై పొలుసులు లేచి, గోటితో గీరిన రాలుచున్నచో తుప్పు ముదిరినదని యెరుంగునది. అప్పుడు చల్లారిన గొట్టమును స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టి చోట ఖంగుమని మ్రోగును; లోపల పుచ్చిన చోట చప్పుడు మొద్దుబారి, ఒత్తిన లోపలికి పోవును. అట్లు పుచ్చినదానికి పైపైన రంగు పూయుట శవమున కలంకారము వంటిది. దానిని వెల్డింగువారికి చూపి అతుకు వేయించుటయో, మార్పించుటయో తగినది.

గొట్టమునకు చిల్లి పడిన చప్పుడు పెరుగునని మాత్రమే చాలమంది చింతింతురు. అంతకన్న పెద్ద కీడు వేరొకటి కలదు. పెట్రోలు పొగలో కార్బను మోనాక్సైడు అను విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబినును అది ఆమ్లజనికన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. పీల్చినవారికి మొదట తలనొప్పియు, త్రిప్పుటయు, తరువాత మగతయు కలిగి ప్రాణాపాయము వాటిల్లును. దొంగల భయముచే రాత్రులందు బండిని వసారాలోనో ముందుగదిలోనో పెట్టుకొను కుటుంబములు పెక్కులు కలవు. అట్టివారు తలుపులు మూసియుండగా ఇంజనును ఒక్క నిమిషమైనను నడుపరాదు. గొట్టము చిల్లులు పడినదైనచో ఈ జాగ్రత్త మరింత యవసరము.

ఇక తుప్పు వదలించు మార్గములను చెప్పెదము. అందరికిని మొదట తోచునది స్నానపుగది కడుగు యాసిడ్డు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. దానిని పోసినంతనే తుప్పు నురుగుచు కరగి, ఇనుము తెల్లగా బయటపడుట నిజమే. ఆ వేగమును చూచి మురిసిపోరాదు. ఆ యామ్లము తుప్పుతో ఆగక మంచి యినుమును, క్రోమియము పూతనుగూడ తినివేయును. దాని ఆవిరి తాకిన ప్రక్కనున్న గొలుసునకును మేకులకును తుప్పు పట్టును. ఎంత కడిగినను సందులలో మిగిలిన క్లోరైడు లవణములు నాలుగు దినములలో క్రొత్త తుప్పును పుట్టించును. అన్నిటికంటె ముఖ్యమైన మాట: యాసిడ్డు పోసిన చోట బ్లీచింగు పౌడరు తగిలినచో క్లోరిను వాయువు పుట్టును, అది ఊపిరితిత్తులను కాల్చివేయును. స్నానపుగదిలో తలుపు వేసికొని ఈ పని చేయుట ప్రాణములతో చెలగాటమాడుటయే.

స్త్రీలపై జరుగుచున్న యాసిడ్డు దాడులను విచారించి 2013వ సంవత్సరము జూలైలో సుప్రీంకోర్టు దాని యమ్మకమునకు కట్టుబాట్లు విధించినది. 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదనియు, కొనువారి పేరును చిరునామాను వ్రాసికొని గుర్తింపు పత్రము చూడవలెననియు ఆజ్ఞాపించినది. అట్టి ద్రవమును పాత శీతలపానీయపు సీసాలో పోసి పిల్లల కందుబాటులో నుంచు అలవాటు ఇప్పటికైనను మానవలెను.

యాసిడ్డును మేము వద్దనుటకు మరియొక కారణము ఈ ప్రాంతపు చరిత్రలోనే యున్నది. గొట్టమును కడిగిన నీరు ఎక్కడికి పోవును? వాకిటి కాలువలోనికి, అచ్చటినుండి వాగులోనికి, భూమిలోనికి పోవును. 1970 దశాబ్దినుండి పటాన్‌చెరు చుట్టుప్రక్కల పరిశ్రమలు పెరిగినవి. వాటితో ఉద్యోగములు వచ్చినవి. వేలకొలది కుటుంబములు అన్నము తినుచున్నవి. కాని ఆ కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి, వాగు ప్రక్కనున్న పొలములను, బావులను చెరచినది. నక్కవాగు పోయి కలియునది మంజీరలో. పటాన్‌చెరులో వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు మొదలైనవారు ఈ బాధను లోకమునకు తెలిపిరి. 1990లో విషయము సుప్రీంకోర్టు వరకు పోయినది. 1994లో పరిశ్రమల మురుగునంతటిని ఒకచోట చేర్చి శుద్ధిచేయు కేంద్రము పటాన్‌చెరులో ఏర్పడినది. అంతటితో కథ ముగియలేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి, మిక్కిలి కలుషితమైన వాటి జాబితాలో పటాన్‌చెరు–బొల్లారమును చేర్చినది.

కర్మాగారపు మురుగెక్కడ, మన చెంబెడు యాసిడ్డెక్కడ అని యనవచ్చును. రెండును సమానమని మేము చెప్పము. పెద్దల తప్పును పిన్నల మీద మోపుటయు న్యాయము కాదు. అయినను బావినీరు చెడినప్పుడు కడవ పట్టుకొని దూరము నడచినవారు స్త్రీలే. నీటి విలువ అంతగా తెలిసిన మనము, మన వాకిట మనచేతులతో చేయు పనిలోనైనను నేలకు విషము పోయకుండుట ఉచితము గదా. పాత గొట్టములకు మరల క్రోమియము పూయించుటను గూర్చియు ఇదే మాట. పూత వేయు తొట్టెలలో వాడు క్రోమిక్ ఆమ్లము క్యాన్సరు కలిగించు పదార్థము. తళుకుకొరకు మాత్రమే పూత వేయింపదలచినవారు, ఆ మురుగును శుద్ధిచేయు ఏర్పాటు గల చోటనే వేయించుట మేలు.

ఇప్పుడు మన వంటయింటి మందులు చెప్పెదము. చింతపండులోని పులుపు టార్టారిక్ ఆమ్లము. నిమ్మకాయలోనిది సిట్రిక్ ఆమ్లము. వెనిగరులోనిది అసిటిక్ ఆమ్లము. ఈ మూడును తుప్పును మెల్లగా కరగించును, మంచి యినుమును అంతగా బాధింపవు. ఇందులకు నిమ్మ ఉప్పు అను పేరున కిరాణా అంగళ్లలో దొరకు సిట్రిక్ ఆమ్లపు పలుకులు మిక్కిలి యనుకూలము. ఇచ్చట ఒక హెచ్చరిక. ఇత్తడి బిందెను తోమునప్పుడు చింతపండుతో ఉప్పు చేర్చుట మన యలవాటు. ఇత్తడికి అది మంచిదే. ఇనుమునకు మాత్రము వంటయుప్పు తగులనీయరాదు. అది తుప్పును తొందరపెట్టును. నిమ్మ ఉప్పు పేరునకు ఉప్పేగాని, వంటయుప్పు కాదు.

పనికి పూనుకొనునప్పుడు బండిని గాలి వచ్చు చోట, నీడలో నిలుపవలెను. ఇంజను ఆపి గంటకు పైగా గడచి, గొట్టము చేతికి పూర్తిగా చల్లగా తగులవలెను. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కునకు నోటికి గుడ్డ, కన్నులకు అద్దములు ధరించి, పిల్లలను దూరముగా నుంచవలెను. గొట్టపు చివరనున్న రంధ్రమును గుడ్డతో బిగించి మూయవలెను. ఏ ద్రవమును లోపలికి పోనీయరాదు. 2017 తరువాతను, ముఖ్యముగా 2020 ఏప్రిలు తరువాతను వచ్చిన బండ్ల గొట్టములలో పొగను శుద్ధిచేయు పరికరము అమర్చబడియున్నది. ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువగల లోహములు అందులో నుండును. పులుసులు తగిలిన అది చెడును. వంపు గొట్టమునకు తీగతో తగిలించిన సెన్సరున్నచో దానిని తడుపరాదు.

మొదట సబ్బునీటితో బురదను, జిడ్డును కడిగి తుడువవలెను. జిడ్డు ఉన్నంతవరకు పులుపు ఇనుమును తాకదు.

క్రోమియము పూతపై చుక్కలు మాత్రమే యున్నచో పులుపుతోకూడ పని లేదు. చపాతీలు చుట్టు అల్యూమినియము కాగితమును ఉండగా నలిపి, నీటిలో ముంచి, చుక్కలపై మెల్లగా రుద్దవలెను. అల్యూమినియము క్రోమియముకన్న మెత్తనిది కావున పూతను గీయదు. తుప్పు మాత్రము వదలివచ్చును. ఇచ్చట ఇనుప పీచును, ఎమరీ కాగితమును వాడరాదు. అవి పూతను గీసి, నేటి చుక్కను రేపటి మచ్చగా చేయును. పిమ్మట శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనీయవలెను.

నల్ల గొట్టముపై పొలుసులు లేచినచో, ముందుగా తీగల బ్రష్షుతో రాలిన పొలుసులను దులుపవలెను. ఒక లీటరు గోరువెచ్చని నీటిలో సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కరగించి, అందులో పాతగుడ్డలను తడిపి గొట్టమునకు చుట్టవలెను. ఆరిపోకుండ పైన ప్లాస్టికు సంచిని కట్టవలెను. రెండు మూడు గంటలైన పిదప విప్పి, బ్రష్షుతో రుద్దిన తుప్పు నల్లని మడ్డిగా వదలును. మొండి చోట్ల మరియొకసారి చుట్టవచ్చును. నిమ్మ ఉప్పు లేనివారు చిక్కని చింతపండు గుజ్జును పట్టించినను పని జరుగును. కాలము కొంచెము ఎక్కువ పట్టును. రాత్రియంతయు విడిచి నిద్రపోవుట మాత్రము కూడదు.

తరువాత ఒక లీటరు నీటికి ఒక పెద్ద చెంచాడు వంటసోడా కలిపి, ఆ నీటితో కడిగిన మిగిలిన పులుపు విరుగును. పిమ్మట మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో ఒత్తి, వెంటనే ఎండలో ఆరబెట్టవలెను. ఈ వెంటనే అనుమాటను మరువరాదు. తుప్పు వదలిన ఇనుము అప్పుడే పుట్టిన శిశువు వంటిది. తడితో పావుగంట విడిచినచో దానిపై మరల పసుపువన్నె తుప్పు పొర లేచును.

గుంటలలో దాగిన తుప్పు ఎంత రుద్దినను పోకపోవచ్చును. దానిని తీయుటకు బదులు మార్చుట మంచిది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినములకొలది నానబెట్టి, ఆ ద్రవముతో కరక్కాయ కషాయమున తడిపిన వస్త్రముపై వ్రాయుదురు. గుడ్డను తాకినంతనే అది చక్కని నలుపగును. కరక్కాయలోని టానిను అను వగరు పదార్థము ఇనుముతో కలిసి నల్లని గట్టి పదార్థముగా మారుటయే దీని రహస్యము. అంగళ్లలో రస్టు కన్వర్టరను పేర దొరకు కొన్ని మందులలోనున్నదియు ఈ టానినే. మరికొన్నిటిలో ఫాస్ఫారిక్ ఆమ్లము ఉండును. అది తుప్పును ఫాస్ఫేటు పొరగా మార్చి ఇనుమును కాపాడును.

ఢిల్లీలోని కుతుబు ప్రాంగణమందలి ఇనుప స్తంభము సుమారు 7 మీటర్ల ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు గలది. 1600 ఏండ్లుగా ఎండకు వానకు నిలిచినను అది తుప్పునకు లొంగలేదు. ఆనాటి కమ్మరుల ఇనుములో భాస్వరము ఎక్కువగా నుండుటచే, దానిపై భాస్వరముతో కూడిన కాపుదల పొర యేర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యము గారు పరిశోధించి తెలిపిరి. ఆ స్తంభమును కాపాడిన భాస్వరమే నేడు చిన్న సీసాలో మన వాకిటికి వచ్చినది. ఈ మందును వాడువారు సీసాపై వ్రాసిన విధమును తప్పక చదివి, తొడుగులు ధరించియే వాడవలెను. కరక్కాయ కషాయము డొల్లను తగిలించు పట్టీలకును, బండి స్టాండునకును, అంతగా వేడెక్కని భాగములకును చాలును. ఇంజను దగ్గరి వంపు గొట్టముపై ఆ నలుపు వేడికి నిలువదు.

చివరి పని రంగు వేయుట. ఇంటి తలుపులకు వేయు రంగు గొట్టముపై వేసినయెడల పొక్కి, కాలి, కంపు కొట్టును. వేడిని తట్టుకొను రంగని అడిగి కొనవలెను. వెండివన్నెను, నల్లవన్నెను కొన్ని 600 డిగ్రీల వరకు తట్టుకొనునవి దొరకును. సన్నని ఎమరీ కాగితముతో గొట్టమును ఒకసారి రుద్ది, ధూళి తుడిచి, పలుచగా ఒక పూత వేసి, ఆరిన పిదప మరియొక పూత వేయవలెను. చిక్కగా ఒకేసారి పూసినది ఊడిపోవును. గొట్టపు అడుగుభాగమున సన్నని రంధ్రమున్నచో దానిని రంగుతోగాని అతుకుతోగాని మూయరాదు. లోపలి నీరు కారిపోవుటకే తయారుచేసినవారు దానిని పెట్టియుందురు. రంగు ఆరిన తరువాత ఆరుబయట ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపి, చల్లారనిచ్చి, మరల కొంచెము ఎక్కువసేపు నడుపవలెను. ఇట్లు మూడు నాలుగు మారులు చేసిన రంగు కాలి గట్టిపడును. మొదట కొంత పొగ వచ్చును. దానిని పీల్చక దూరముగా నిలువవలెను.

కడిగిన నీటిని ఏమి చేయవలెను? నిమ్మ ఉప్పు నీటిలో వంటసోడాయో, కొంచెము తడిసున్నమో నురుగు ఆగువరకు కలిపినచో పులుపు చచ్చును. ఒక పాత బకెట్టులో రాత్రియంతయు నిలువయుంచిన మడ్డి అడుగునకు దిగును. పైతేటను బావికి, చెరువునకు, కూరమడికి దూరముగా పారబోయవచ్చును. అడుగునున్న మడ్డిని, రాలిన రంగు పొలుసులను కాగితములో చుట్టి, తడిచెత్తలో కలుపక వేరుగా పురపాలకపు బండివారికి అప్పగించవలెను.

గొట్టమునుగూర్చి వ్రాయుచు కాలిన గాయములమాట విడువరాదు. మన బండ్లకు సాధారణముగా పొగగొట్టము కుడిప్రక్క నుండును. పిల్లలు ఆ వైపు దిగునప్పుడు పిక్క తగిలి బొబ్బలెక్కుట నిత్యము జరుగుచున్నది. కావున వారిని ఎడమవైపు దింపుట నేర్పవలెను; గొట్టముపైనుండు రక్షణ రేకు ఊడిన దానిని వెంటనే మరల బిగింపించవలెను. కాలినచో 20 నిమిషములపాటు ధారగా చల్లని నీరు పోయుటయే మొదటి చికిత్స. మంచుగడ్డ, పళ్లపొడి ముద్ద, నెయ్యి, సిరా పెట్టరాదు, బొబ్బను చిదుపరాదు. గాయము పెద్దదైనచో వైద్యునికి చూపవలెను.

తుప్పు మరల రాకుండ చేయుట దానిని వదలించుటకన్న సులభము. వానలో తడిసి వచ్చిన బండిని గోనెతోగాని ప్లాస్టికు గుడ్డతోగాని వెంటనే కప్పరాదు. తేమ లోపల చిక్కుకొనును. కాలుచున్న గొట్టముపై చన్నీరు పోయరాదు. చల్లారిన తరువాత బురద కడిగి తుడువవలెను. దగ్గరి పనులకే తిరుగు బండిని వారమునకొకసారియైనను అరగంట దూరము నడిపిన లోపలి నీరు ఆవిరియై పోవును. వానకాలమునకు ముందొకసారి, వెనుకొకసారి గొట్టమును పరీక్షించి, చుక్క కనబడిన దినముననే తుడిచిన, పొలుసు లేచు అవసరమే రాదు.

బండి బాగుచేయువాడు గొట్టమును చూచి, "అమ్మా, ఇది యింక పనికిరాదు, క్రొత్తది వేయింతము" అన్నప్పుడు, తట్టి చూచి, గీరి చూచి, ఏది పుచ్చినదో యేది దక్కునో చెప్పగల తెలివి మన కుండవలెను. నిజముగా పుచ్చినదైనచో మార్పింతము. అప్పుడైనను తక్కువ వెలకు దొరకు, శుద్ధిపరికరము లేని గొట్టమును వేయింపక, బండికి తగినదానినే వేయింతము. ఏలయన ఆ పొగను పీల్చునది వెనుక కూర్చున్న మన బిడ్డలే. పుచ్చనిదైనచో నిమ్మ ఉప్పుతోను, వంటసోడాతోను, ఒక దినపు టెండతోను దానిని మరికొన్ని యేండ్లు నిలుపుకొందము. పెనమును మూడు తరములు వాడిన యిండ్లు మనవి. ఆ యోపికయే ఈ గొట్టమునకును చాలును. దానికై మన వాకిటి నేలను చెరచుకొనవలసిన పని లేదు.